కిరసనాయిల్లో పోయిన కొలత

ఇప్పుడు లేతు మీద పనిచేసే కుర్రాళ్ళను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం కడుపుమంట కూడా. కంప్యూటర్లో నాలుగు అంకెలు కొడతారు, గాజు తలుపు మూస్తారు, ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. తలుపు తీసేసరికి లోపల పని తయారు. మీ మీద నాకు కోపం లేదు నాయనా. మా రోజుల్లో అలాంటి మిషను ఉంటే మేమూ అదే చేసేవాళ్ళం, ఇంకో రెండు టీలు ఎక్కువ తాగేవాళ్ళం. కాకపోతే మీకు ఆ అంకెలు ఎవరో ఒకరు చెబుతారు. చెప్పగలిగిన మనిషి లేకుండా పోయాక ఆ అంకె కోసం వెతకడం ఎలా ఉంటుందో నేను చూశాను. అదే రాస్తున్నాను.

నేను అమలాపురంలో కాలవ గట్టు పక్కన ఒక వర్క్‌షాపులో టర్నరుగా పనిచేశాను. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. రైసు మిల్లు షాఫ్టులు, కొబ్బరినూనె మిల్లు రోలర్లు, బోరు పంపుల బుష్షులు, రొయ్యల చెరువులు వచ్చాక నీళ్ళు చిలికే చక్రాల ఇరుసులు, ఇవీ మా పనులు. ఓనరుగారు మంచి మనిషే గాని, షాపులో బల్బు వెయ్యాలన్నా ఆర్పాలన్నా ఆయన చెయ్యే పడాలి. పక్క లేతు మీద మా మేస్త్రిగారు. నాకంటే ఓ పుష్కరం పెద్ద.

మేస్త్రిగారు ముక్తేశ్వరం నుంచి బస్సులో వచ్చేవారు. వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టారు. అన్నదమ్ముల్లో ఒకరు గుళ్ళో, ఒకరు బళ్ళో కుదురుకున్నారు. ఈయన మాత్రం ఇనుము దగ్గర చేరారు. ఎందుకండీ ఇలా అంటే, "మా నాన్నగారి దగ్గర స్వరం తప్పితే వీపు చిట్లేది తమ్ముడూ. ఇక్కడ తప్పితే ముక్క పోతుంది, వీపు మిగులుతుంది కదా" అనేవారు. ఇంటి నుంచి ఆయన తెచ్చుకున్నది ఒకే ఒక్క అలవాటు. ఏ వస్తువు వచ్చినా ముందు కిరసనాయిల్లో స్నానం చేయించాల్సిందే. తుప్పు పట్టిన నాగలి కర్రు అయినా, అప్పుడే కాగితం విప్పిన కొత్త బేరింగయినా సరే. ఒక పళ్ళెం, ఒక బ్రష్షు, ఒక పాత పంచె ముక్క. కడిగి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు కొలత. మడ్డి మీద కొలిస్తే మడ్డి కొలతే వస్తుందని ఆయన సిద్ధాంతం. "మీ మేస్త్రిగారికి కిరసనాయిలు పొయ్యడం కంటే మా ఆవిడకి నగలు చేయించడం నయమండీ" అని ఓనరుగారు నాతో గొణిగేవారు. ఆయనతో అనే ధైర్యం ఓనరుగారికి లేదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ గోనెసంచి పట్టుకుని మెట్ల మీద నిలబడింది. నలభై దాటి ఉంటాయి. రాజోలు అవతల, గోదావరి సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఊరు. వేటకు వెళ్ళే కుటుంబం.

"ఏవండీ, మేస్త్రిగారంటే ఎవరండి?"

"నేనేనమ్మా. లోపలికి రండి."

ఆవిడ రాలేదు. మెట్టు మీదే కూర్చుని సంచిలోంచి ఒక ఇనప పలక తీసింది. అరచేతి వెడల్పు, మంచి మందం. మధ్యలో నున్నటి గుండ్రటి కన్నం, పైన నొక్కడానికి ఒక మీట. పాత పడవ ఇంజను ముక్కతో చేసినట్టుంది. కన్నం దగ్గర్నుంచి అంచు దాకా సన్నటి చీలిక కనబడుతోంది.

"ఇలాటిదే ఇంకోటి కావాలండి. ఇది చీలిపోతందండి. అచ్చం ఇలాగే ఉండాలి, ఏటీ మార్చొద్దండి."

"దేనికమ్మా ఇది?"

"వల గుళ్ళకండి. మూకుట్లో సీసం కరగబెట్టి ఇంటికాడ మేవే పోసుకుంటావండి. అచ్చులోంచి వచ్చిన గుండుకి పక్కన రెక్కలాగుంటదండి. అది దారాన్ని కోసేత్తదండి. మైనం రాసి ఇందులో పెట్టి నొక్కితే రెక్క పోయి, అన్నీ ఒకే లావుకి వత్తాయండి." తర్వాత ఇంకోమాట చెప్పింది. "మా ఆయన చేసేరండి ఇది. పోయినేడు కాలం చేసేరు."

విసురు వల చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వల బరువంతా అంచునే ఉంటుంది. ఆ అంచుకు వరసగా కట్టిన సీసం గుళ్ళే వలను నీళ్ళ మీద గుండ్రంగా విప్పి అడుగుకు లాగుతాయి. గుళ్ళలో లావూ సన్నం ఉంటే వల వంకరగా పడుతుంది. ఆ ఇంట్లో పోతపని ఆవిడది, నొక్కే పని ఆయనది. ఆయన పోయాక రెండూ ఆవిడ మీదే పడ్డాయి.

చిన్న పనేనని మేస్త్రిగారు తీసుకుని, వచ్చే వారం రమ్మన్నారు. ఆవిడ వీధి మలుపు తిరక్కముందే పలక కిరసనాయిలు పళ్ళెంలోకి దిగింది. నేను పక్కనే ఉన్నాను. నాకూ ఏమీ తోచలేదు. నల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. "ఎన్నేళ్ళ మడ్డో చూడు తమ్ముడూ" అన్నారు మేస్త్రిగారు, సంతోషంగా. కన్నం అద్దంలా తేలింది. కొలిచారు. మంచి ఉక్కు ముక్క తీసుకుని, ఆ కొలతకే కన్నం తొలిచి, మూతి దగ్గర కాస్త వాలు పెట్టి, మెరుగు పట్టించారు. ఎంత ముద్దుగా వచ్చిందంటే ఓనరుగారే రెండుసార్లు చేతిలోకి తీసుకుని చూశారు.

వారం తర్వాత ఆవిడ వచ్చింది. రెక్కలు తియ్యని గుళ్ళు కొన్ని కొంగున కట్టి తెచ్చుకుంది. ఒకటి పెట్టి మీట నొక్కింది. గుండు ఏ పట్టూ లేకుండా అవతలికి జారిపడింది. రెక్క రెక్కలాగే ఉంది.

"ఇదేటండి, జారిపోతంది?"

"అదే కొలతమ్మా. వెంట్రుకవాసి తేడా లేదు. కావాలంటే పాతదానిలో పెట్టి చూసుకోండి."

పాతదానిలో పెట్టింది. అందులోనూ జారిపడింది. ఆవిడ పలకను వెలుతురుకు ఎత్తి, కన్నంలోంచి వీధిలోకి చూసింది.

"లోపల నల్లగా ఉండాలండి. ఏదండి అది?"

"మడ్డి పట్టేసి ఉంటే శుభ్రంగా కడిగేసేనమ్మా."

"అది మడ్డి కాదండి!"

ఆ అరుపుకి నేను లేతు ఆపేశాను. మాకు అప్పుడర్థమైంది. ఏళ్ళ తరబడి నొక్కి నొక్కి ఇనుములో కన్నం అరిగి పెద్దదైపోయింది. అరిగిన కొద్దీ, ఆయన రాసిన మైనమూ నూనే గోడకు పట్టి, గట్టిపడి, గాజు పూతలా నిలిచి ఆ వెలితిని పూడ్చుకుంటూ వచ్చింది. అసలు కొలత ఇనుములో లేదు, ఆ పూతలో ఉంది. దాన్ని మేము పంచె ముక్కతో తుడిచేశాము.

ఆవిడ మేస్త్రిగారి నుదుటి విభూతి వంక చూసి, నెమ్మదిగా అడిగింది. "మా చేపల వాసన గిట్టక కడిగేరాండి?"

ఆయన తరఫున నేనే అందుకున్నాను. "అయ్యో, అది కాదమ్మా, ఆయన కొత్త బేరింగు వచ్చినా కడుగుతారు." అది నిజమే. కాని ఆ నిమిషంలో ఆ నిజం ఆవిడకు ఎందుకు?

"పోనీ, ఆయన నొక్కిన పాత గుండు ఒక్కటి తెచ్చిపెట్టండమ్మా. దాన్ని బట్టి చేసేస్తాను" అన్నారు మేస్త్రిగారు చివరికి.

"లేదండి. వల చిరిగిపోతే కొత్త వల కట్టేనండి. పాత గుళ్ళన్నీ కరిగించి మళ్ళీ పోసేనండి. ఇవి అవేనండి." కొంగులో గుళ్ళు చూపించింది.

"ఒక్కటైనా ఉంచలేదా?"

"సీసం ఎవరు దాసుకుంటారండి? పలక ఉంది కదా అనుకున్నాను."

వాళ్ళ దగ్గర అంతే. సీసం పారెయ్యరు, ఊరికే ఉంచరు. వల పోతే గుళ్ళు కరిగి ఇంకో వలలోకి వెళతాయి. ఆయన వల సీసమే ఆవిడ కొంగులో ఉంది, దాని లావే లోకంలో ఎక్కడా లేకుండా పోయింది. ఆయన కట్టి అమ్మిన వలలు ఊళ్ళో ఉన్నాయి గాని వాటి గుళ్ళు ఇసకలో ఒరిసి ఒరిసి తలో లావునా అరిగిపోయాయట.

నేను తెలివితక్కువగా ఒక మాటన్నాను. కొంచెం అటూ ఇటూ అయితే మాత్రం ఏమమ్మా, రెక్క పోయి అన్నీ ఒకేలా వస్తే చాలు కదా, చేప కొలత చూసుకుని పడుతుందా అని.

ఆవిడ నాకు కోపంగా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "చేపక్కాదండి, నాకు. పొద్దున్నే పొయ్యికాడ కూకుంటే ఏట్లో వల పడ్డ సప్పుడు ఇనపడతదండి. అందరి వలలూ పడతాయండి. మా ఆయన వల పడితే నాకు తెలిసిపోద్దండి. అన్ని గుళ్ళూ ఒక్కసారే తగిలి, సల్లుమని... ఎలా సెప్పనండి? ఆయన పోయేక ఆ వల మా మరిది ఏసేవోడు. రోజూ ఆ సప్పుడు ఇనే నేను ఎసట్లో బియ్యం పోసేదాన్ని."

పలకలు రెండూ మెట్టు మీదే వదిలేసి వెళ్ళిపోయింది. మేస్త్రిగారు ఆ పూట అన్నం డబ్బా తియ్యలేదు.

ఆదివారం పొద్దున్నే పలివెలలో మా ఇంటి ముందు ఆయన గొంతు. "తమ్ముడూ, పద. రాజోలు బస్సుంది." ముక్తేశ్వరం నుంచి పలివెల వచ్చి, పలివెల నుంచి ఏటిమొగకు వెళ్ళడమంటే తలకాయ చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమే. ఒక్కరూ వెళ్ళడానికి ధైర్యం చాలక వచ్చారని నాకు అప్పుడే తెలిసింది. మా ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. నేను చొక్కా వేసుకున్నాను.

తర్వాత చాలా ఆదివారాలు అలాగే గడిచాయి. మొదట మేస్త్రిగారు పోయిన పూతనే మళ్ళీ పట్టించాలని చూశారు. మైనం, కొబ్బరినూనె కలిపి కాచి, కన్నానికి రాసి, నిప్పుల మీద పెట్టి, చల్లార్చి, మళ్ళీ రాసి. నాలుగు గుళ్ళు నొక్కేసరికి అట్టలు కట్టి ఊడిపోయేది. ఏళ్ళు పట్టి చేరిన పూత ఆదివారం ఆదివారం పట్టదు. ఇక కన్నాన్నే సరిచెయ్యాలని, వెంట్రుకవాసి తేడాలతో కొత్త పలకలు చెయ్యడం మొదలుపెట్టారు. మీలో ఎవరికైనా ఈ పని తగిలితే గుర్తుంచుకోండి. కన్నం బిగుతైతే గుండు సాగి, తాడు దూరే సందు మూసుకుపోతుంది. వదులైతే రెక్క మిగిలిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు చిన్నదే గాని, అందులో దిగితే చెరువంత కనిపిస్తుంది.

ఇక రాసే సరుకు సంగతి. మేస్త్రిగారు మొదటిరోజు షాపు గ్రీజు పట్టుకెళ్ళారు. ఆవిడ డబ్బా మూత తీసి ముక్కు మూసుకుంది. "ఈ కంపుకి చేప సముద్రంలోకి పారిపోద్దండి." మేస్త్రిగారు ఆ మాటకు నవ్వారు. వాసన గురించి ఆవిడ అలా అనగలిగినందుకు ఆయన ప్రాణం కాస్త కుదుటపడిందని నాకనిపించింది. ఆముదం రాస్తే గుండు జిడ్డోడుతూ వచ్చింది. కొబ్బరినూనె ఎక్కువైతే గుండు మీద సొట్టలు పడేవి. నూనెకు నొక్కుడు పడదు, సీసానికి పడుతుంది, అందుకని నూనె నిలిచిన చోట సీసమే లోపలికి పోతుంది. ఈ ముక్క నాకు అక్కడే తెలిసింది. చివరికి మైనమే ఎక్కువ, నూనె చేతికి తగిలీ తగలనంత. చలిరోజుల్లో కాస్త నూనె పెంచాలి, ఎండల్లో తగ్గించాలి. ఈ పాళ్ళు ఆవిడకు ముందే తెలుసట. మేము అడగలేదు కాబట్టి చెప్పలేదట!

ఆ ఆదివారాలు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంటాయి. బస్సు కిటికీ పక్కన మేస్త్రిగారు, ఒళ్ళో గుడ్డలో చుట్టిన పలక, దాని మీద పులిహోర డబ్బా. మొదటి రెండు మూడు వారాలు ఆయన అక్కడ కొబ్బరిబొండం తప్ప ఏదీ ముట్టలేదు. ఆవిడా ఏమీ పెట్టబోలేదు. తర్వాత ఒకరోజు గాలీ వానా ఒక్కసారే వచ్చి, ఆవిడ వసారాలో ముడుచుకు కూర్చున్నాం. ఆవిడ లోపల్నుంచి గ్లాసుతో టీ తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడింది. మేస్త్రిగారే చెయ్యి చాపి అందుకున్నారు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. మేస్త్రిగారి భార్య మాత్రం నాతో, "ఆయన చొక్కాలు ఉతకలేక చస్తున్నానండీ" అనేవారు. అంటూనే ఇంకో డబ్బాలో పులిహోర సర్ది, "ఇది ఆవిడకి ఇవ్వండి, పాపం" అనేవారు.

ఓనరుగారు ఊరుకుంటారా? "ఏమండీ మేస్త్రిగారూ, మనం లేతు అమ్మేసి పడవ కొందామా?" అని రోజూ ఒక చురక. మేస్త్రిగారు తలెత్తేవారు కాదు. ఒకసారి మాత్రం అన్నారు. "ఆవిడ మొగుణ్ణి నేను చూడలేదండి. కాని ఆయన మిగిల్చి వెళ్ళింది ఆ ఒక్క పూత. దాన్ని నేను పళ్ళెంలో కడిగి కాలవలో పారబోసేను." ఆ తర్వాత ఓనరుగారు పడవ మాట ఎత్తలేదు. పాత ఉక్కు ముక్కలు కావాలంటే వెనక గదిలో ఉన్నాయి, తీసుకోండని మాత్రం అన్నారు.

చివరికి మేస్త్రిగారు ఒకే పలకలో నాలుగు కన్నాలు చేశారు, ఒక్కోటీ ఒక్కో పిసరు తేడాతో. నాలుగింటితో గుళ్ళు నొక్కి, నాలుగు వలలకు కట్టించారు. వలలు ఊళ్ళోవాళ్ళు ఇచ్చారు. విషయం అప్పటికి ఊరంతా తెలుసు. ఒకరు ఆయన వల చప్పుడు బరువుగా ఉండేదంటే, ఇంకొకరు ఛ, జల్లు పడ్డట్టుండేదని వాదించేవారు. అందరికీ గుర్తుంది, ఎవరి గుర్తూ ఇంకొకరి గుర్తుతో కలవదు.

ఆ రోజు పోటు తగ్గి, ఏరు నిలకడగా ఉన్న వేళ చూసుకుని, మరిది మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఆవిడ ఒడ్డున ఏటికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఏ వల వేస్తున్నారో చూస్తే మనసు అటు లాగుతుందని ఆవిడే అంది. మేస్త్రిగారు నీళ్ళ అంచున, పంచె ఎగగట్టుకుని, చెప్పుల్లేకుండా నిలబడ్డారు. పిల్లా జెల్లా చప్పుడు చెయ్యలేదు. నేను వల ఒక్కొక్కటీ అందిస్తున్నాను.

మొదటి వల విప్పుకుని పడింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోది. కొంచెం ఆగి, కాదంది. మూడోది పడగానే, "కాదండి." నాలుగోది నాకు ఎంత బాగా పడిందంటే, నీళ్ళ మీద ముగ్గేసినట్టు గుండ్రంగా పడింది. ఇది అయితీరాలనుకున్నాను. ఆవిడ చాలాసేపు కదల్లేదు. తర్వాత, "ఇదీ కాదండి" అంది.

మేస్త్రిగారు ఉన్నచోటే తడి ఇసకలో కూలబడిపోయారు. నేను అంతకాలం ఆయనతో పనిచేశాను, పాడైన ముక్కలు ఎన్నో చూశాం, ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు. పంచె తడిసిపోతున్నా తెలియడం లేదు. "ఇంకో కొలత పట్టుకొస్తానమ్మా. వచ్చే వారం కాకపోతే ఆ పై వారం" అంటున్నారు, ఇసకలోంచి లేవకుండానే.

ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. మళ్ళీ ఏటికి వీపు పెట్టింది.

"ఆ రెండోది ఇంకొక్కసారి ఎయ్యరా అబ్బాయ్."

మరిది వేశాడు.

"ఇదేనండి!" అంది ఆవిడ. "ఇందాక గాలికి తెలీలేదండి. ఇదే సప్పుడు."

ఊరంతా ఒక్కసారి గోల పెట్టింది. రెండోదే అని ముందే అనుకున్నామని చెప్పుకునేవాళ్ళు పదిమంది తేలారు. మేస్త్రిగారు లేచి, ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఆవిడ అయ్యబాబోయ్ అంటూ పక్కకు తప్పుకుంది. తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి రాజోలు దాకా నిద్రపోయారు. నేను కదలకుండా కూర్చున్నాను.

రెండో కన్నం కొలతతో మేస్త్రిగారు మంచి పలక ఒకటి చేసి ఆవిడకు ఇచ్చారు. ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. ట్రాక్టరు నట్టు తెచ్చినవాడిని కూడా, "కడగచ్చా అండీ?" అని అడిగేవారు. వాడు తెల్లమొహం వేసేవాడు. నేను లేతు చాటున నవ్వుకునేవాణ్ణి. ఏడాదికోసారి, రెండేళ్ళకోసారి ఇద్దరం ఏటిమొగకు వెళ్ళి వస్తూ ఉండేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా ఆయన అదే అడిగేవారు. "వల అలాగే పడుతోందా అమ్మా?" ఆవిడ, "ఆయ్, అలాగే పడతందండి" అనేది. ఆ మాట పట్టుకుని ఆయన వచ్చే బస్సులో ఎంత హాయిగా ఉండేవారో!

షాపు మూసేశారు. అక్కడ ఇప్పుడు టైల్సు అమ్ముతున్నారు. మేస్త్రిగారు కిందటి వానాకాలంలో కాలం చేశారు. నాకు ఇంట్లో ఏదైనా ఇనప సామాను విరిగితే ఇప్పటికీ ముందు ఆయన్ని అడుగుదామనే అనిపిస్తుంది. ఆ తర్వాత గుర్తొస్తుంది. ఆయన లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని పక్క లేతు మీద ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఇది మీకు చెప్పడానికి నేనేమీ సిగ్గుపడను.

మొన్న ఒక పొద్దుట పలివెలలో మా అరుగు మీదకు ఆవిడ వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో సంచి ఉంది. మేస్త్రిగారు పోయారని ఆలస్యంగా తెలిసిందట. ముక్తేశ్వరం వెళ్ళి వాళ్ళావిడను పలకరించి, అటునుంచి ఇటు వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"మీకో మాట సెప్పాలండి" అంది. "ఆ కొలత కాదండి."

"ఏ కొలతమ్మా?"

"రెండోదండి. ఆరోజే తెలుసండి నాకు. దగ్గర్లో కూడా లేదండి."

"మరి అదేనన్నారు కదమ్మా?"

"ఆరోజు మేస్త్రిగారు ఇసకలో కూలబడిపోయేరండి. మీరు సూసేరు కదా. మా ఆయన్ని నేను ఎలాగూ ఎనక్కి తేలేనండి. ఈయన్నయినా ఇంటికి పంపాలి కదండీ."

"ఇన్నేళ్ళూ మరి? పొద్దున్నే ఆ చప్పుడు..."

"ఇనడం మానేసేనండి. పొయ్యి ఏటి ఏపు నుంచి పెరటి ఏపుకి మార్పించేసేను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనొచ్చి అడిగినప్పుడల్లా ఆయ్ అనేదాన్ని. ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఆ మాటే సెప్పాలి కదండీ. ఇప్పుడు సెప్పినా ఎవరికీ బాధుండదు."

అప్పుడు సంచి విప్పింది. రెండో కొలతతో చేసిన పలక, ఒక గుడ్డలో రెక్కలు తియ్యని గుళ్ళు, మైనం ముద్ద.

"ఇంకోసారి ఎతుకుదారేటండి?"

నేను ఒక గుండు చేతిలోకి తీసుకున్నాను. నాకు లేతు లేదు. కొలతలు తీసే వెర్నియరు మీద గీతలు కళ్ళజోడుతో కూడా ఆనడం లేదు. చెయ్యి వణుకుతుంది. వాళ్ళ మరిది పెద్దవాడైపోయాడు, నడుము పట్టేసి ఇప్పుడు వల వెయ్యడం లేదట. అన్నిటికంటే, ఎక్కడ మొదలుపెడదామండీ అని అడగడానికి నాకు మేస్త్రిగారు లేరు. ఆ కొలత దొరకదని నాకు తెలుసు. ఆవిడ మొహం చూస్తే ఆవిడకూ తెలుసనే అనిపించింది. దొరకదని తెలిసీ పెరటి వైపు మార్చిన పొయ్యిని మళ్ళీ ఏటి వైపు తిప్పుకోవాలనుంది ఆవిడకి.

లోపల్నుంచి మా ఆవిడ, ఏం చెబుతానా అని వింటోంది.

"ఆదివారం వస్తానమ్మా" అన్నాను.